బ్యారన్ పొయ్యి ముందు నేర్చుకున్న నామం

నాకు జపం నేర్పింది మా పెదనాయన. పొగాకు బ్యారన్ (పచ్చి ఆకును పొయ్యి వేడితో ఎండబెట్టే గది) పొయ్యి ముందు, నులక మంచం మీద కూర్చోబెట్టి, రాత్రి ఒంటిగంటప్పుడు నేర్పాడు. అది 1994 ఫిబ్రవరి. ముప్పై ఏళ్లు దాటిపోయాయి, అయినా పొద్దున ఐదున్నరకు కళ్లు మూసుకుని కూర్చున్న మొదటి నిమిషంలో ఇప్పటికీ నా ముక్కుకు తగిలేది మగ్గుతున్న పొగాకు వాసనే. తియ్యగా, కొంచెం ఘాటుగా, తడి గోనెసంచి ఎండలో వేసినట్టు ఉంటుంది. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు పుట్టినవాళ్లకు ఆ వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు.

మా ఊరు కందుకూరుకు దగ్గర్లో ఉంటుంది. మా తాత పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో మళ్లీ మమ్మల్ని నెల్లూరులో కలిపారు. మా తాత మాత్రం చనిపోయేదాకా ఎవరడిగినా "మాది నెల్లూరు జిల్లా" అనే చెప్పాడు. మా యాస కూడా నెల్లూరు యాసే, "చేయబాకు, పోబాకు" అనే మాట మా నోట్లోంచి ఎక్కడికి వెళ్లినా పోదు.

1993లో కావలిలో డిగ్రీ అయిపోయింది. ఆ ఏడాదిలోనే రెండు పోటీ పరీక్షలు రాశాను, రెండూ పోయాయి. ఇంట్లో అక్క పెళ్లి అప్పు, నాన్నకు ఆ ఏడు పొగాకు ధర సరిగా రాకపోవడం, ఊళ్లో ఎవరు కనపడినా "ఏం చేస్తుండావు?" అని అడగడం. అన్నీ కలిసి ఎక్కడ పట్టుకున్నాయో తెలియదు గానీ దసరా వెళ్లిన తర్వాత రాత్రిపూట గుండె దడ మొదలైంది. పదకొండింటికి పడుకుంటే పన్నెండున్నరకు ఉలిక్కిపడి లేచేవాణ్ని. చెమటలు పట్టేవి, చేతులు చల్లబడిపోయేవి, ఏదో జరగబోతోందన్న భయం. ఏం జరగబోతోందో మాత్రం తెలిసేది కాదు. నాన్న ఒంగోలు తీసుకెళ్లి ఈసీజీ తీయించాడు. డాక్టరుగారు గుండె బాగానే ఉందన్నారు, టెన్షన్ పెట్టుకోవద్దన్నారు. ఆయన చెప్పింది నిజమే. అయితే టెన్షన్ పెట్టుకోకుండా ఉండడం ఎలాగో నాకు ఎవరూ చెప్పలేదు.

కావలి బస్టాండులో ధ్యానం మీద చిన్న పుస్తకం ఒకటి దొరికితే కొన్నాను. మనసులో ఒక్క ఆలోచన కూడా లేకుండా చేసుకోవాలని అందులో ఉంది. పడమటింట్లో తలుపు వేసుకుని కూర్చునేవాణ్ని. ఆలోచన రాగానే దాన్ని తోసెయ్యాలని చూసేవాణ్ని. ఒకటి తోస్తే పది వచ్చేవి. పళ్లు బిగబట్టి అరగంట కూర్చుని లేచేసరికి తల దిమ్మెక్కిపోయేది, గుండె దడ ఇంకా పెరిగేది. వారం రోజులు చేసి, ఇది నాకు చేతకాదని పుస్తకం అటక మీద పడేశాను. ఇప్పుడు కూడా ఎవరైనా "ధ్యానం చేద్దామని కూర్చుంటే ఆలోచనలు ఆగట్లేదండీ, మాకు కుదరదు" అంటే నాకు ఆ పడమటిల్లు గుర్తొస్తుంది. వాళ్లకు కుదరక కాదు. అడగకూడని పని అడుగుతున్నారు మనసును.

సంక్రాంతి వెళ్లింది. ఆకు కొట్టుడు మొదలైంది. పెదనాయన అంటే మా నాన్నకు పెదనాన్న కొడుకు, మా రెండు కుటుంబాలకూ కలిపి ఒకటే బ్యారన్. పొద్దున్నే చేలో అడుగు ఆకులు కొట్టుకొచ్చి, ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని వాటిని కర్రలకు కట్టి, ఆ కర్రలు బ్యారన్ లోపల కింద నుంచి పైదాకా వరసలుగా పేర్చేవాళ్లు. ఆ తర్వాత తలుపు మూసి పొయ్యి ముట్టిస్తే అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట ఆగకూడదు. కూలీలు పగటి పూట ఉంటారు గానీ రాత్రి మంట చూడడం మాత్రం పెదనాయన వేరేవాళ్లకు ఇచ్చేవాడు కాదు. బ్యారన్‌లో ఉండేది ఏడాది తిండి. ఒక్క రాత్రి ఏమరుపాటుగా ఉంటే ఆకు పోతుంది, ఒక్కోసారి బ్యారనే అంటుకుంటుంది. మా పక్క ఊళ్లో అలా కాలిపోయిన బ్యారన్‌ను నేను చిన్నప్పుడు చూశాను, నాలుగు మొండి గోడలు, మధ్యలో నల్లటి బూడిద.

నేను రాత్రిళ్లు వసారాలో తిరుగుతున్నానని అమ్మ చెప్పిందట. పెదనాయన ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చాడు.

"ఏరా అబ్బాయ్, నిద్ర పట్టడం లేదంట గదా. అట్టయితే బ్యారన్ కాడికి రా. నేను నిద్రపోకూడదు, నీకు నిద్ర రాదు. ఒకరికొకరం తోడుంటాం."

ఎందుకు రావట్లేదు, ఏమైంది, ఏం ఆలోచిస్తున్నావు అని ఒక్క మాట అడగలేదు. ఆ రోజుల్లో నన్ను ఏమీ అడగని మనిషి ఆయనొక్కడే. దుప్పటి భుజాన వేసుకుని ఆయన వెంట వెళ్లాను.

మొదటి రెండు మూడు రాత్రులు మాకు మాటలు కూడా పెద్దగా లేవు. ఆయన సరివి కట్టె ఒకటి పొయ్యిలోకి నెట్టేవాడు, లేకపోతే చిల్లకంప మొద్దు. అరగంటకొకసారి లేచి, చిన్న కిటికీలోంచి టార్చి వేసి లోపల వేలాడదీసిన థర్మామీటరు చూసేవాడు. మళ్లీ వచ్చి మంచం మీద కూర్చునేవాడు. కూర్చున్న కాసేపటికి ఆయన ముఖం మారిపోయేది. నిద్ర కాదు, కళ్లు సగం తెరిచే ఉండేవి, మంట వెలుగు వాటిలో కదిలేది. కానీ ముఖంలో ఒక్క గీత కూడా ఉండేది కాదు. అప్పటికి ఆయనకు ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్ల అప్పులున్నాయి, పెద్దమ్మకు కాలు నొప్పి, మా నాన్నకు రాని ధర ఆయనకూ రాలేదు. నాకున్న బాధలన్నీ ఆయనకున్నాయి, ఇంకా నాలుగు ఎక్కువే ఉన్నాయి. ఆ ముఖం ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించి నాలుగో రాత్రి అడిగేశాను.

"నామం అనుకుంటా ఉంటానబ్బా" అన్నాడు. "గొలగమూడి స్వామి నామం."

గొలగమూడి మాకు తెలియని ఊరేం కాదు. నెల్లూరు అవతల, వెంకటాచలం మండలంలో ఉంటుంది. వెంకయ్యస్వామి అక్కడే 1982 ఆగస్టు 24న సమాధి అయ్యారు. మా వైపు బస్సుల్లో, కిరాణా కొట్లలో, ఆటోల అద్దాల మీద ఆయన ఫోటో కనపడుతుంది, ఒంటి మీద ఒక గుడ్డ, మాసిన గడ్డం, ఎటో చూస్తున్న చూపు. పెదనాయన ఆయన్ను బతికుండగా మూడుసార్లు చూశాడట. స్వామి ఎక్కడ కూర్చున్నా ముందు నిప్పు ఉండాల్సిందేనట, కట్టె ఆరిపోకుండా చూసుకుంటూ ఉండేవారట. "నేను పోయినప్పుడు కూడా నిప్పు ముందరే కూర్చోనుండాడురా. పెద్దపెద్దోళ్లు వచ్చి ఏందేందో అడగతా ఉండారు. నేనేం అడగలా. ఆ నిప్పుకల్లే చూస్తా కూర్చున్నా. నాకు మా బ్యారన్ గుర్తొచ్చింది." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం వణికింది, నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"నాకూ చెప్పు పెదనాయనా" అన్నాను. మంత్రం అంటే గురువు చెవిలో చెప్పాలి, మడి కట్టుకోవాలి, నియమాలుంటాయి అని నాకున్న అనుమానం కూడా చెప్పాను.

"బీజాక్షరాలు ఉండే మంత్రాలకు అవన్నీ ఉంటాయి. గురువు లేకుండా వాటి జోలికి పోబాకు. ఇది నామం. స్వామి అందరికీ చెప్పింది. ఓం నారాయణ, ఆది నారాయణ. ఇంతే."

తర్వాత ఆయన చెప్పిన పద్ధతి నాకు అక్షరం అక్షరం గుర్తుంది. మొదట పది నిమిషాలు పైకి వినపడేట్టు అనమన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి పెదాలు మాత్రం కదిలేట్టు. ఆ తర్వాత పెదాలు కూడా కదలకుండా లోపల. "లోపల కూడా గట్టిగా అనబాకు. పక్కింట్లో ఎవురో అంటా ఉంటే నువ్వు వింటున్నట్టు ఉండాల." ఈ మూడింటికీ వాచికం, ఉపాంశువు, మానసికం అని పేర్లున్నాయని, మనుస్మృతి కాలం నుంచే మానసిక జపాన్ని అన్నిటికంటే గొప్పదిగా చెప్పారని నాకు ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి ఆ పేర్లు తెలియవు. చేసి చూసుకున్నాడు కాబట్టి మెట్లు తెలుసు.

మెడలోని తులసిమాల తీసి ఇస్తాడేమో అనుకున్నాను. ఇవ్వలేదు. "మాల ఇప్పుడొద్దు. మాల చేతికొస్తే నీ మనసు లెక్క మీదకు పోద్ది, పరీక్ష రాస్తున్నట్టు ఉంటది నీకు" అన్నాడు. నన్ను ఎంత బాగా చదివాడో!

కళ్లు మూసుకున్నాను. ఓం నారాయణ, ఆది నారాయణ. నాలుగుసార్లు అనుకున్నానో లేదో, రాసిన పరీక్షలో తప్పు చేసిన లెక్క గుర్తొచ్చింది. అక్కడి నుంచి కావలి, కావలి నుంచి నాన్న ముఖం, నాన్న నుంచి అప్పు. ఎంతసేపు తిరిగానో తెలియదు, పొయ్యిలో కట్టె చిటపటమంటే అయ్యో నామం వదిలేశానే అనుకుని మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ పోయింది. అలా పావుగంట గడిచాక కళ్లు తెరిచాను. ఏడుపొచ్చేట్టుంది.

"ఎన్నిసార్లు పోయిందిరా?" అని అడిగాడు.

"శానాసార్లు పోయింది పెదనాయనా."

"శానా అంటే? లెక్క చెప్పు."

"ముప్పై నలభై సార్లు ఉంటది."

"మరి నలభైసార్లు తిరిగొచ్చావు గదా! వచ్చావు కాబట్టే పోయిందని తెలిసింది. అట్టా తిరిగి రావడమే జపం. పోయేది దాని పని, వచ్చేది నీ పని. పోయిందని తిట్టుకోబాకు."

ఆ రాత్రి నాలో ఏదో ఒక ముడి వదులైంది. మూడు నెలలుగా నా మనసుతో నేను కుస్తీ పడుతున్నాను, అది పారిపోతే నేరం నాదే అనుకుంటున్నాను. తిరిగొచ్చినందుకు లెక్క రాసుకోవచ్చని ఎవరూ అప్పటిదాకా చెప్పలేదు.

అటక మీద పడేసిన పుస్తకం సంగతి కూడా ఆయనకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. లేచి థర్మామీటరు చూసి వచ్చి, బ్యారన్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పొగాకు బ్యారన్ ఎరగనివాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు ధ్యానం గురించి తెలిసిందంతా ఇందులోనే ఉంది. పచ్చి ఆకు లోపల పెట్టాక మొదటి రోజున్నర, రెండు రోజులు వేడి తక్కువే ఉంచుతారు, ఫారిన్‌హీటులో తొంభై అయిదు, నూరు అలా. ఆ గోరువెచ్చదనంలో ఆకు దానంతట అదే పసుపు తిరుగుతుంది. తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ, తడిగాలి పోయేందుకు కిటికీలు తెరిచి, ఆ రంగును నిలబెడతారు. చివర్లో ఈనె కూడా విరిగేట్టు ఎండడానికి నూటఅరవై దాకా తీసుకెళ్తారు. ఆకు పసుపు తిరగకముందే తొందరపడి వేడి పెంచితే పచ్చరంగు అలాగే పట్టేస్తుంది, ఇంక ఏం చేసినా పోదు. మరీ ఆలస్యం చేస్తే మచ్చలు పడి గోధుమరంగుకు తిరుగుతుంది.

"నువ్వు మొదటి రోజే నూటఅరవై పెట్టావురా అబ్బాయ్" అన్నాడు.

అంతకంటే ఏమీ చెప్పలేదు.

ఒక్క రాత్రిలో నాకు నయమైపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. వారం దాకా తేడా తెలియలేదు. ఆ బ్యారన్ దించి, మళ్లీ ఆకు ఎక్కించి, రెండో కాపు మూడో రోజో నాలుగో రోజో, నామం అనుకుంటూ ఉన్నవాణ్ని ఉన్నట్టే మంచం మీదకు ఒరిగిపోయాను. లేచేసరికి ఎండ ముఖాన కొడుతోంది. నా మీద ఆయన దుప్పటి ఉంది. ఆయన పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని బూడిద లాగుతున్నాడు. "లేచావా?" అన్నాడంతే. మూడున్నర నెలల తర్వాత నేను తెల్లారిందాకా నిద్రపోయిన రాత్రి అది. గుండె దడ ఆ తర్వాత కూడా అడపాదడపా వచ్చేది, కానీ వచ్చినప్పుడు పట్టుకోవడానికి నాకొక కొయ్య దొరికింది. దడ వస్తుంది, సరే, ఓం నారాయణ. చెమట పడుతుంది, సరే, ఆది నారాయణ. అలా అలా దడకు నా మీద మోజు తగ్గిపోయింది.

ఆ సీజన్ అయ్యాక, ఎండిన ఆకును మండెలు (కుప్పలు) వేసి గ్రేడింగు మొదలుపెట్టేలోపు ఒక శనివారం నన్ను గొలగమూడి తీసుకెళ్లాడు. కావలిలో బస్సు మారి నెల్లూరు, అక్కడి నుంచి ఇంకో బస్సు. రాత్రి అక్కడే నిద్ర చేశాం, నేల మీద వందల మంది, పసిపిల్లల తల్లులు, కాళ్లు పడిపోయినవాళ్లు, నాలాంటి కుర్రాళ్లు. ఎవరి బాధ వాళ్లది, అందరి నోటా ఒకటే నామం. తిరిగొచ్చేటప్పుడు నెల్లూరులో దిగి రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డున కూర్చున్నాం. వేసవి ముందు కాబట్టి ఏట్లో నీళ్లు సన్నగా ఒక పక్కనే పారుతున్నాయి. అక్కడ నాకు ఆయన మాల ఇచ్చాడు. నూటెనిమిది పూసలు, మధ్యవేలి మీద వేసుకుని బొటనవేలితో లాగాలి, చూపుడువేలు తగలనీయకూడదు, మేరుపూస, అంటే మాల కొసన విడిగా ఉండే పూస, దగ్గరికి వచ్చాక దాన్ని దాటకుండా మాల వెనక్కి తిప్పుకోవాలి. "ఇప్పుడు లెక్క పెట్టుకున్నా నీకేం కాదు" అన్నాడు.

ఉద్యోగం 1996లో వచ్చింది, నెల్లూరులో. నెలకొకటి రెండుసార్లు ఆఫీసు పని మీద పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్లాల్సి వచ్చేది. అక్కడ మా హెడ్డాఫీసులో పనిచేసే ఒకాయన భావాతీత ధ్యానం నేర్చుకున్నాడు. మహర్షి మహేశ్ యోగి నేర్పిన పద్ధతి, బీటిల్స్ 1968లో రుషికేశ్ వచ్చి సాధన చేసింది అదే. మహర్షి తన ఉద్యమాన్ని 1958లో మొదలుపెట్టింది ఆ మద్రాసులోనే అని కూడా ఆయనే చెప్పాడు. పూలు, పళ్లు, తెల్ల చేతిరుమాలు తీసుకెళ్తే గురుపరంపరకు పూజ చేసి ఎవరి మంత్రం వాళ్లకు విడిగా ఇస్తారట, పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు చేయాలట. మంత్రం ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఎలా చేస్తారో మాత్రం అడిగాను. "బలవంతం అస్సలు ఉండకూడదండీ. మంత్రం జారిపోతే జారిపోనివ్వాలి, గుర్తొచ్చినప్పుడు మెల్లగా దాని దగ్గరికి రావాలి. ఆలోచనలు వస్తే తప్పు కాదు" అన్నాడు.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ మాట నేను మా బ్యారన్ దగ్గర విన్నాను.

భగవద్గీత ఆరో అధ్యాయంలో కూడా ఆ మాటే ఉంది. చంచలమైన మనసు ఎటెటు పోతే అటు నుంచి దాన్ని తిరిగి తెచ్చుకుని ఆత్మలోనే నిలపాలి అని ఇరవై ఆరో శ్లోకం. యతో యతో నిశ్చరతి. అది ఎటూ పోకుండా కట్టెయ్యమని కృష్ణుడు కూడా చెప్పలేదు. పోతుందని ముందే ఒప్పుకుని, తెచ్చుకోమన్నాడు. పదో అధ్యాయంలో యజ్ఞాల్లో నేను జపయజ్ఞాన్ని అన్నాడు. నెల్లూరులో ఒక పెద్దాయన దగ్గర సాయంత్రాలు గీత వినేవాణ్ని, ఆ శ్లోకం వచ్చిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఆదివారం ఊరికి వెళ్లి పెదనాయనకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "ఆయన మంట చూసినోడే అబ్బా" అన్నాడు.

ఇంకొక సంగతి కూడా ఆయనకు చెప్పాను. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మందితో ఒక ప్రయోగం చేసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. క్రైస్తవుల జపమాల ప్రార్థన గానీ, టిబెట్ వాళ్ల 'ఓం మణి పద్మే హుం' గానీ చేసేటప్పుడు మనిషి ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దాకా నెమ్మదిస్తుందని, ఆ లయలో గుండె, రక్తప్రసరణ కూడా చక్కగా సర్దుకుంటాయని తేల్చారు. ఆ వివరం విన్నాక నేను గడియారం పెట్టుకుని నా ఊపిరి లెక్కపెట్టుకున్నాను. ఓం నారాయణ అని లోపలికి, ఆది నారాయణ అని బయటికి. ఏడు వచ్చింది, ఇంకోసారి ఆరు. డాక్టరుగారు టెన్షన్ పెట్టుకోవద్దన్నప్పుడు నాకు దొరకని దారి ఇదేనేమో! అయితే ఒకటి చెప్పాలి, గుండె దడ వచ్చినవాళ్లు ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. నేనూ ముందు ఈసీజీ తీయించుకున్నాకే బ్యారన్ దగ్గరికి వెళ్లాను.

రోజూ నేను చేసేది చాలా తక్కువ. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేశాక పదిహేను, ఇరవై. గోడకు ఆనుకుని కూర్చుంటాను, మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలో. లేచేటప్పుడు ఉన్నట్టుండి లేవను, రెండు నిమిషాలు కళ్లు మూసుకునే ఉండి, అరచేతులు రుద్దుకుని లేస్తాను. కొన్ని రోజులు ఇరవై నిమిషాలూ కూరగాయల లెక్కలతోనే పోతాయి. కొన్ని రోజులు నామం ఎప్పుడు జారిపోయిందో తెలియదు, నామమూ లేదు, ఆలోచనా లేదు, పెన్నలో నీళ్లు నిలిచిన చోట ఉన్నట్టు ఉంటుంది. ఏ రోజు ఎలా ఉంటుందో నా చేతిలో లేదు. కూర్చోవడం మాత్రం నా చేతిలో ఉంది.

వరసలో తర్వాత రావాల్సింది ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. 2015 నవంబరులో నెల్లూరు జిల్లాలో కుండపోత వానలు. అమ్మకు చెన్నైలో ఆపరేషన్ తేదీ ఇచ్చారు, కారులో బయల్దేరాం. నెల్లూరు దాటి గూడూరు చేరేలోపే హైవే మీద నీళ్లు, ముందు లారీలు, వెనక లారీలు. రాత్రంతా అక్కడే. అమ్మ వెనక సీట్లో నొప్పితో మూలుగుతోంది, ఫోన్ సిగ్నల్ వచ్చి పోతోంది. నా పాత దడ ఇరవై ఏళ్ల తర్వాత గొంతు దాకా వచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని నామం మొదలుపెట్టాను, ఈసారి పైకే, ఆమెకు వినపడేట్టు. కాసేపటికి అమ్మ కూడా అందుకుంది. నేను ఓం నారాయణ అంటే ఆమె ఆది నారాయణ అనేది. నీళ్లు తీయడానికి మరుసటి రోజు మధ్యాహ్నం అయింది. ఆ రాత్రి మేమిద్దరం ఒక్క చెడ్డ మాట మాట్లాడుకోకుండా గడిపాం. నెల తర్వాత ఆపరేషన్ చేయించుకుని అమ్మ క్షేమంగా ఇంటికొచ్చింది.

పెదనాయన దగ్గరికి వస్తాను. 2000-01లో మన రాష్ట్రంలో పొగాకుకు పంట సెలవు ప్రకటించారు, ధరలు పడిపోయి, అమ్ముడుపోని ఆకు పేరుకుపోయి. ఆ ఏడు బ్యారన్ ముట్టించలేదు. ఫిబ్రవరిలో నేను ఊరికి వెళ్లేసరికి ఆయన రాత్రి భోజనం చేసి, దుప్పటి తీసుకుని బ్యారన్ దగ్గరికే వెళ్లాడు. చల్లటి పొయ్యి ముందు అదే మంచం, అదే చోటు. "అలవాటైపోయిందిరా, ఇంట్లో కుదరడంలా" అన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మంట లేకపోతే ఎంత చీకటో, ఎన్ని చుక్కలో అప్పుడు చూశాను.

ఆయన 2011 ఫిబ్రవరిలో పోయాడు. పెద్ద జబ్బేం చేయలేదు. సాయంత్రం పొయ్యిలో కట్టెలు వేసి, మంచినీళ్లు అడిగి తాగి, మంచం మీద పడుకున్నాడట. కోడలు అన్నం తెచ్చేసరికి లేడు. నాకు ఫోన్ వచ్చింది రాత్రి ఎనిమిదింటికి, పది దాటాక ఊరు చేరాను. మర్నాడు మధ్యాహ్నం కార్యక్రమం అయిపోయింది. చెరువు నుంచి అందరం తడిబట్టలతో ఇంటికొచ్చి కూర్చున్నాం, ఎవరికీ మాట రావడం లేదు. అప్పుడు వాళ్ల పెద్దబ్బాయి నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"బ్యారన్లో ఆకు ఉండాది అన్నా. ఈనె ఎండలా ఇంకా."

నాలుగో రోజు ఆకు అది. రాత్రి నుంచి ఎవరెవరో పక్క చేలవాళ్లు వచ్చి మంట ఆరకుండా చూస్తున్నారట. పెద్దబ్బాయి కర్మ పట్టాడు, గడప దాటకూడదు. చిన్నవాడు దుబాయి నుంచి ఇంకా దారిలో ఉన్నాడు. నేను దుప్పటి తీసుకుని వెళ్లాను. ఆయన పోయిన మంచం అప్పటికే తీసేశారు. చెట్టు కింద ఆకు కట్టే ఆడవాళ్లు కూర్చునే చెక్కపీట ఉంటే పొయ్యి ముందుకు లాక్కుని కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఒక్కణ్నే మంట చూడలేదు, ఎప్పుడూ ఆయన ఉండేవాడు.

టార్చి వేసి చూస్తే నూటనలభై ఎనిమిది ఉంది. ఒక సరివి కట్టె పెట్టాను. ఓం నారాయణ. తలలోకి ఆయన మాటలు, దుప్పటి కప్పిన ఆ పొద్దు, పెన్న ఒడ్డు, అన్నీ వచ్చి పడుతున్నాయి. ఆది నారాయణ. అరగంటకొకసారి లేచి చూస్తున్నాను. నూటయాభై. నూటయాభై మూడు. రెండింటప్పుడు ఒకసారి ఎక్కువ కట్టె పెట్టేశానేమోనని భయమేసి సగం కాలిన మొద్దును వెనక్కి లాగాను. ఆ రాత్రి మనసు ఎన్నిసార్లు పోయిందో నేను లెక్క పెట్టుకోలేదు, అడిగేవాళ్లు లేరు.

తెల్లవారుజామున నూటఅరవై తాకింది. ఆ రోజంతా, ఆ రాత్రి కూడా అలాగే నిలిపి ఉంచాం, పగలు కాసేపు నాన్న వచ్చి కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున తలుపు తీసి, ఒక కర్ర దించి ఈనె విరిచి చూశాను. టప్పుమని విరిగింది. ఆకు మచ్చ లేకుండా, నిమ్మపండు రంగులో ఉంది. ఒక ఆకు తీసి పొయ్యి గూట్లో పెట్టి, మంట ఆర్పమని కూలీకి చెప్పాను.